ముందు లారీకి ముందు

కొండదారిలో ఏడో మలుపు దగ్గర ఏ డ్రైవరూ లారీ ఆపేవాడు కాదు. బీడీ ముట్టించుకోవడానికి కూడా ఆపేవాడు కాదు. యుద్ధం నడిచిన ఆ ఏడాది రాత్రిళ్లు అక్కడ ఏదో కనపడేది. చూసినవాళ్లు మర్నాడు గడ్డం గీసుకోలేకపోయేవారట, చేతులు అంతలా వణికేవట.

నేను దెయ్యాల్ని నమ్మేదాన్ని కాను. కానీ ఇది చెప్పింది మా బావ—మా అక్క మొగుడు. అప్పట్లో మిలిటరీ లారీ నడిపేవాడు. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో, నాకు నిద్దట్లో లేపి అడిగినా అప్పజెప్పగలను.

ముందు మీకొకటి తెలియాలి. యుద్ధంలో లారీలు రాత్రిపూట హెడ్‌లైట్లు వేసుకోకూడదు. పైన విమానాలు తిరుగుతుంటాయి. అందుకని ప్రతి లారీకీ వెనక, కింద, ఇరుసు మీద గుండ్రంగా తెల్లరంగు పూస్తారు. దాని మీద మాత్రమే పడేట్టు ఒక చిన్న బల్బు. వెనకాల వచ్చే డ్రైవరు ఆ తెల్లచుక్కని పట్టుకుని పోవడమే. పదకొండు లారీలు బయల్దేరితే పదిమందికి చుక్క కనపడుతుంది. మొదటి లారీవాడికి మాత్రం ముందంతా చీకటే.

ఆ రాత్రి మొదటి లారీ మా బావది.

అంతకు మూడు వారాల ముందు ఇదే దారిలో మొదటి లారీ నడిపింది మా అన్నయ్య. ఆ లారీల్లో ఒక్కటీ చేరలేదు. ఆఫీసు నుంచి అమ్మకి కాగితం వచ్చింది—మీ అబ్బాయి లారీతో సహా పారిపోయాడని. వీధిలో మాతో మాట్లాడేవాళ్లు కరువయ్యారు. అమ్మ మాత్రం ఆ కాగితాన్ని నమ్మలేదు. ఏ అర్ధరాత్రో వస్తాడని తలుపుకి గొళ్లెం పెట్టకుండా పడుకునేది.

బావ బయల్దేరేముందు రవాణా ఆఫీసరు వచ్చి భుజం తట్టాడట. "మందుగుండు నాయనా, జాగ్రత్త. పై దారినే పోవాలి." డ్రైవర్లంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్లు. సొంత కొడుకుల్లా చూసుకుంటాడని మురిసిపోయేవాళ్లు, పాపం.

ఏడో మలుపు వచ్చింది. ఎత్తు మీద బరువు లారీలు... మనిషి నడిచినంత నెమ్మదిగా ఎక్కుతున్నాయి.

ముందు—తెల్లచుక్క!

బావ కళ్లు నులుముకున్నాడు. తన ముందు లారీ లేదు. ఉండటానికి వీల్లేదు. కానీ చుక్క ఉంది... కాస్త ఊగుతోంది... ఇంజను చప్పుడు లేదు. దుమ్ము లేదు.

"నీకూ కనపడుతోందా?" అన్నాడు పక్కసీటులో ఉన్న రెండో డ్రైవరుతో.

"నన్నడక్కు అన్నా... నువ్వు నడుపు."

దారి రెండుగా చీలేచోట చుక్క కింది దారి పట్టింది. ఆర్డరేమో పై దారికి. బావ బ్రేకు తొక్కాడు. వెనక పది లారీలూ ఆగాయి.

చుక్క కూడా ఆగింది.

బావ దిగి నాలుగడుగులు వేశాడు. చీకట్లో ఒక మనిషి... చొక్కా సగం కాలిపోయింది. చెవి పక్కన నెత్తురు ఎండి నల్లబడింది. మా అన్నయ్య.

"బావా... పై దారి ఎక్కకు. పెట్టెలు విప్పి చూసుకో."

అంతే. చుక్క ఆరిపోయింది.

పెట్టె విప్పితే ఏముంది? రాళ్లు. పదకొండు లారీల నిండా కంకర రాళ్లు! పై దారిన మందుగుండు పోతోందని శత్రువు చెవిన పడేట్టు ఆఫీసువాళ్లే ముందుగా చేశారు. విమానాలు వీళ్ల మీద పడితే అసలు సరుకు కింది దారిన హాయిగా పోతుంది. అన్నయ్యనీ అలాగే పంపారు. సంగతి బయటపడితే తమ పరువు పోతుందని, పారిపోయాడని రాశారు.

బావ లారీలన్నిటినీ కింది దారికి మళ్లించాడు. తెల్లారేలోపు పై దారి మీద బాంబులు పడ్డాయి. ఇరవై రెండుమంది బతికారు.

బావ సెలవు మీద వచ్చి ఇదంతా చెప్పగానే అమ్మ గోడకి చేరగిలబడిపోయింది. "దెయ్యమయ్యాడంటే... పోయినట్టేగా," అంది. ఆ రాత్రి తలుపుకి గొళ్లెం పెట్టుకుంది. చచ్చి కూడా బావని కాపాడాడు నా బిడ్డ అని నలుగురికీ చెప్పుకుంది. ఆ మాటతోనే పోయింది.

మొన్న కరెంటు పోతే బావ మళ్లీ మొదలుపెట్టాడు. వయసు మీద పడింది, మాట తడబడుతోంది. నేను పడుకుని సగం చెవితో వింటున్నాను.

"...చెయ్యి చాచాడు. నా సంచిలో రొట్టె ఉంటే ఇచ్చాను..."

చటుక్కున లేచి కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లలో ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

"బావా... దెయ్యం రొట్టె అడిగిందా?"

బావ గొంతు తగ్గించాడు—

"డబ్బా మూతకి సున్నం పూసి, టార్చి కట్టుకున్నాడు. దొరికితే పారిపోయినవాడని కాల్చేస్తారని పగలంతా రాళ్లక్వారీలో దాక్కునేవాడు. రాత్రి వచ్చి లారీల ముందు నడిచేవాడు. నాకంటే ముందు రెండుసార్లు మళ్లించాడట."

"బతికే ఉన్నాడా!"

"మర్నాడు పెద్దాయన పిలిచాడు. ఆర్డరు తప్పినందుకు కాల్చేస్తానన్నాడు. దారి మార్చమని ఎవరన్నారో చెబితే వదిలేస్తానన్నాడు... మీ అక్కకి అప్పుడు నెలలు నిండాయి."

"చెప్పావా?"

"క్వారీ సంగతి కూడా చెప్పాను. ఆ సాయంత్రమే జీపు వెళ్లింది."

ఒళ్లు మండిపోయింది నాకు. "ఛీ! నీ పాణం కోసం అన్నయ్యని పట్టిచ్చి, మళ్లీ మా చేతే దెయ్యం దెయ్యం అనిపించావా? అమ్మ చేత తలుపు వేయించావు కదయ్యా!" ఇంకా ఎంత తిట్టేదాన్నో.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతిలో కొవ్వొత్తితో. ఎప్పుడొచ్చిందో, అంతా వింది. ఏడవలేదు. బావని ఒక్క మాట అనలేదు.

"తిన్నాడా?" అని మాత్రం అడిగింది.

బావ తల ఎత్తలేదు.

"సగం తిన్నాడు. మిగతా సగం... రేపటికని జేబులో పెట్టుకున్నాడు."