పిరోష్కా చెంబులోని నీళ్లు

ఆ పొద్దున పిరోష్కా మొక్కజొన్న సంకటి కలుపుతోంది. భర్త డేనెష్ గొర్రె జున్ను కోస్తూ, కోడలు రాకముందే గోడలకు సున్నం వేయించాలని లెక్కలు చెబుతున్నాడు. పెళ్లి రాయించడానికి పట్నంలో, తను చేసుకోబోయే ఎమెషె వాళ్ల కాథలిక్ ఫాదర్ గారిని కలిసి వచ్చిన కొడుకు చొంగోర్ మాత్రం ముద్ద ముట్టకుండా కూర్చున్నాడు.

మా ట్రాన్సిల్వేనియా కొండల్లో ఒకే ఊరికి రెండు చర్చిలు. యేసు సాక్షాత్తూ దేవుడే అనే కాథలిక్కులది దిగువన ఉంటుంది. దేవుడు ఒక్కడే, యేసు ఆయన పంపిన మనిషి అనే యూనిటేరియన్లది ఎగువన. ఇటువాళ్లూ అటువాళ్లూ పెళ్లాడితే కొడుకులు తండ్రి చర్చికి, కూతుళ్లు తల్లి చర్చికి వెళ్లాలి. అది తాతల నాటి కట్టు. పిరోష్కాకు ఆడపిల్లలు లేరు. అందుకే ప్రతి ఆదివారం తండ్రీ కొడుకులు గేటు దగ్గర ఎగువకు తిరిగితే ఆవిడ ఒక్కతే దిగువకు నడిచేది. ఆ ఒంటరి నడక గురించి ఆమెను అడిగినవాళ్లు లేరు.

"ఏంట్రా, ఎమెషె అలిగిందా? ఇప్పుడే అలిగితే పెళ్లయ్యాక ఇక చూస్కో!" అని నవ్వాడు డేనెష్.

"ఎమెషె కాదు నాన్నా, ఫాదర్ గారు. నన్ను బాప్తిస్మం లేనివాడి కింద రాస్తారట. పెళ్లికి బిషప్ గారి అనుమతి తెచ్చుకోవాలి. లేదంటే కొత్తగా బాప్తిస్మం తీసుకోవాలట."

"కొత్తగానా? నిన్ను మా చర్చిలో నా చేతుల్తో ఎత్తుకున్నానురా!"

"యేసు దేవుడని నమ్మనివాళ్లు ఇచ్చింది లెక్కలోకి రాదన్నారు."

డేనెష్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఎగువ చర్చికి పెద్ద ఆయన. యేసు చేసిన కొండమీది ప్రసంగం కంఠతా వచ్చిన మనిషి.

"లెక్కలోకి రాదా? అయితే నేనెవర్ని? మా అమ్మానాన్నా ఎవరు? ఆ యేసు చెప్పినట్టు బతకాలని జీవితమంతా చచ్చాను కదరా! నువ్వు మళ్లీ తల వంచావంటే ఆ పెళ్లికి నేను రాను. ఈ గడప కూడా తొక్కకు!"

"ఫాదర్ గారి మాటెందుకు, నన్నడగండి." పిరోష్కా పొయ్యి దగ్గర్నుంచే అంది. "వాడికి మళ్లీ అక్కర్లేదు. నేనెప్పుడో పోశాను."

"ఏం పోశావే?"

"బాప్తిస్మం నీళ్లు. నెలల పిల్లాడప్పుడు ఫిట్స్ వచ్చి నీలంగా అయిపోయాడు. మీరు డాక్టరు కోసం పరిగెత్తారు. ప్రాణం పోయేటప్పుడు ఎవరైనా పోయొచ్చు మాలో. ఈ వంటింట్లోనే చెంబుతో పోశాను."

డేనెష్ కుర్చీలో కూలబడ్డాడు. అతని కోపం దిగిపోయింది.

"అంటే ఇన్నేళ్లూ మా బాప్తిస్మం ఉత్తి నీళ్లేనా నీకు? నీ పక్కన పడుకున్నవాడు క్రైస్తవుడే కాదా?"

"నాకంత చదువుందా? పెద్దోడు అలా పోయాక భయమేసిందండీ."

పెద్దోడంటే గెర్గో, వాళ్ల మొదటి బిడ్డ. నడక రాకుండానే ఇలాగే ఫిట్స్‌తో పోయాడు. ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తరు.

"వాడికి బాప్తిస్మం మీ చర్చిలోనే అయింది. ఆ రాత్రి నా ఒళ్లోనే పోయాడు. నీళ్లు పక్కనే ఉన్నా మీరు నొచ్చుకుంటారని పొయ్యలేదు. తర్వాత మా ఫాదర్ గారినడిగితే, దేవుడి దయకు వదిలెయ్యమ్మా అన్నారు. దయకు వదిలెయ్యడమంటే ఏంటండీ? నా బిడ్డ ఎక్కడున్నాడో ఆయనకీ తెలీదనేగా?"

"నాతో ఒక్క మాట అనకపోయావా?"

"మీరు వాదిస్తారు. నాకు కావాల్సింది వాదన కాదు. మీ గురించీ అంతే భయం. మీకు చోటు లేకపోతే ఆ పరలోకం నాకూ వద్దని మా దేవుడితోనే పోట్లాడాను."

వాదించడంలో ఊళ్లో డేనెష్‌ని మించినవాడు లేడు. ఆ ఉదయం మాత్రం వాదన మానేసి భార్య చేతిలోంచి గరిటె తీసి పక్కన పెట్టాడు.

"నాన్నా, ఫాదర్ గారికి ఏం చెప్పను?" చొంగోర్ మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పు. మీ అమ్మ పోసిందని చెప్పు. రాసుకోమను." అలా రాస్తే తమ చర్చి బాప్తిస్మం ఉత్తిదని ఒప్పుకున్నట్టేనని తెలిసి కూడా అతను టోపీ అందుకున్నాడు. "పెళ్లికి నేను వస్తాను. పదవే, పెద్దోడి దగ్గరికి వెళ్దాం."

ఎగువ చర్చి వెనక చిన్న సమాధి అది. పిరోష్కా అక్కడ ఎప్పుడూ మనసులోనే ప్రార్థించుకునేది, భర్త చర్చి నేల మీద సిలువ గుర్తు వేసుకుంటే బాగుండదని. ఆ రోజు అతనే టోపీ తీసి పట్టుకున్నాడు.

"మీ ప్రార్థన చెప్పు. పైకే చెప్పు. వాడికి వినపడనీ."

"పిత, పుత్ర, పవిత్రాత్మ..." అంటూ నుదుటికి చెయ్యి ఎత్తింది. బిడ్డ సమాధి చూసి అక్కడే ఆగిపోయింది.

డేనెష్ పుట్టి బుద్ధెరిగాక, యేసును దేవుడిగా చెప్పే ఆ మాటలు నోటితో అనలేదు. ఇప్పుడూ వాటిని నమ్మడు. కానీ భార్య చేతిని పట్టుకుని నెమ్మదిగా సిలువ గుర్తు పూర్తి చేయించి, "నామమున, ఆమెన్" అన్నాడు.

పిరోష్కా అతని రొమ్ము మీద వాలి, బిడ్డ పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది.