మంచుకనుమలో నల్ల బొత్తాలు

"తాడు పెట్టావా?"

"పెట్టాను."

"కంబళి? అగ్గిపెట్టె?" అడిగాడు లైన్‌మన్.

"అన్నీ పెట్టాను. నీలాగా మతిమరుపు కాదు నాకు," అంటూ దర్జీ అమ్మాయి చిన్న గుడ్డసంచి మూతి బిగించింది.

ప్రయాణం ఉత్తుత్తిదే. కుట్టుమిషన్లు గోడవారకు జరిపి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద ప్రతి ఆదివారం వాళ్ళాడుకునే ఆట అది. ఆటలో ఆమె వైద్యురాలు. ఎదురుగా కూర్చున్న లైన్‌మన్ వేటగాడు. కథ నడిపేది ఆమె అన్నయ్య. అతని రూలు మహా కఠినం. ఆటలో పొద్దుగూకినప్పుడల్లా ఎవరి సంచిలోంచి వాళ్ళు ఒక బొత్తాం తీసి గిన్నెలో వెయ్యాలి. అదే ఆ పూట తిండి. బొత్తాం లేకపోతే పస్తు. పస్తుల మీద మంచుకనుమ దాటడం ఎవరి తరమూ కాదు. తెల్ల బొత్తాలు ఆమెవి, నల్లవి లైన్‌మన్‌వి.

అసలు ప్రయాణం కూడా ఒకటుంది. మర్నాడు లైన్‌మన్ బదిలీ మీద వేరే ఊరు వెళుతున్నాడు. వెళ్ళేలోపు ఒక్క మాట చెబుతాడేమోనని ఆమె కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. కరెంటు స్తంభం చకచకా ఎక్కేసే మనిషి, ఆమె కళ్ళెత్తి చూస్తే చాలు, చేతిలో పాచికలు కింద పడేసుకుంటాడు.

కిటికీ మీద వాన చిటపటలాడుతోంది. ఆటలో మాత్రం మంచు.

"పొద్దుగూకింది. తిండి!" గిన్నె చాపాడు అన్నయ్య.

లైన్‌మన్ సంచి దులిపాడు. ఖాళీ.

"అప్పుడే అయిపోయిందా? తిండిపోతు!" అంది ఆమె.

"కొండగాలికి ఆకలెక్కువ."

"కొత్త ఊళ్ళోనూ ఇలాగే తిని పడుకుని మమ్మల్ని మర్చిపోతావులే."

"మర్చిపోను," అంటూ ఖాళీ సంచి మడతపెట్టాడు.

ఆమె విసురుగా తన సంచిలో చెయ్యి పెట్టింది. నల్ల బొత్తాం వచ్చింది. మళ్ళీ తీసింది. అదీ నల్లదే. తను పాచికలు వేస్తున్నప్పుడల్లా ఇతను చేసిన పని ఇదన్నమాట!

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే తీసుకునేదానివా? నీ మొండితనం నాకు తెలీదూ!"

"అన్నయ్యా, ఈ తిండి ఇతనికే తినిపిస్తాను."

"కుదరదమ్మా. పస్తుతో అతను మంచులో వెనకబడిపోయాడు. నువ్వు వెనక్కి వెళితే ఇద్దరూ పోతారు."

"నువ్వసలు అన్నయ్యవేనా? ఒక్కసారి చూసీచూడనట్టు పోకూడదూ?"

"వద్దు, రూలు రూలే," అన్నాడు లైన్‌మన్. "నువ్వు దాటెయ్. అది ఆట. ఇక్కడ నేను నీ ఎదురుగానే ఉన్నాను. ఎప్పటికీ ఉంటాను, నువ్వు సరేనంటే."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ మాట చెప్పడానికి చచ్చిపోవాలా, మహానుభావా?" కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "సరే."

"నేనింకా ఇక్కడే ఉన్నాను!" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత మెల్లగా, "బావా, రేపు బస్సెక్కే ముందు అమ్మకి కనిపించి వెళ్ళు," అన్నాడు.

నెల తిరక్కుండానే లైన్‌మన్ సెలవు పెట్టుకుని పెళ్ళిమాటలకి వచ్చాడు.

ఆటలో వేటగాడు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఆదివారం సాయంత్రం, వైద్యురాలు కనుమ దాటిన వేళ, మంచులోనే పోయాడు.