అంచు వంచిన లెన్స్

"కెమెరా ఇటియ్యి."

సాయిచరణ్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. డాబా మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఆ పిల్లకు ఇంకా తీరలేదు. సగం ముఖానికి మాస్కు. మిగతా సగంలో ఉన్నవి రెండు కళ్లే, అవి కొట్టేట్టు చూస్తున్నాయి.

"ఎవరండీ మీరు?"

"ఎదురింటి రాజలింగం బిడ్డను, సాహిత్యను. మా డాబా దిక్కు గంత పొడుగు లెన్స్ పెట్టి ఏం తీస్తున్నవ్? నా ఫోటోలేనా?"

"అయ్యో, కాదండీ! కొత్త లెన్స్, టెస్ట్ చేస్తున్నా. దగ్గరివీ దూరంవీ అన్నీ ఈ ఒక్కదాంతోనే తీయొచ్చు. వెడల్పుగా కావాలంటే పద్దెనిమిది మిల్లీమీటర్లు, దూరం కావాలంటే మూడు వందలు..."

"గా సోదంత తర్వాత. ముందు చూపియ్యి."

చూపించాడు. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీది అక్షరాలు. తీగ మీద దుప్పటి. పావురం. పావురం కన్ను. మళ్లీ ట్యాంకు. సాహిత్య ఒక్కొక్కటే జరుపుతూ చివరిదాకా పోయింది. నమ్మకం కుదరక మళ్లీ మొదటికొచ్చింది.

"ఇంతసేపు నేను గాడనే బట్టలు ఆరేసిన. ఒక్కదాంట్ల గూడ లేనా?"

దీనికి ఏం జవాబు చెబుతాడు చెప్పండి! తీసి ఉంటే తన్నులు, తీయనందుకు అలక.

సూరత్‌లో లింబాయత్ సందుల్లో తెలుగువాళ్ల ఇళ్లు కొల్లలు. తాతల నాడే సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, సాంచాల మీద, అదే కరెంటు మగ్గాల మీద బతుకు నిలబెట్టుకున్న కుటుంబాలు. సాయిచరణ్ ఆ సందుకు కొత్త. వరంగల్ పిల్లవాడు, హజీరా కంపెనీలో ఇంజనీరు. వాళ్ల తాత కూడా మగ్గం నేసినవాడే. కరోనా రెండోసారి విరుచుకుపడి అప్పుడప్పుడే తగ్గుతున్న వానాకాలం అది. కంపెనీ బస్సు వచ్చిన రోజు డ్యూటీ, రాని రోజు డాబా. దారులు తెరుచుకోగానే కచ్ ఉప్పునేల దాకా తిరిగి రావాలని అతని ఆశ. ఒకటే సంచి, ఒకటే లెన్స్. ప్రయాణాలకు ఆ ఒక్క లెన్స్ చాలునో చాలదో పరీక్షించి యూట్యూబ్‌లో తెలుగులో తీర్పు చెప్పాలని కూడా.

సాహిత్యకూ కెమెరా ఉంది. మార్కెట్లు మూతపడ్డప్పుడు తండ్రి సాంచాల మీద దిగిన చీరలకు ఫోటోలు తీసి, వాట్సాప్‌లో పంపి, బేరాలు నిలబెట్టింది ఆ పిల్లే. దూరానికొకటి, దగ్గరికొకటి వేరువేరు లెన్సులు వాడుతుంది. ఇక చూడండి వాళ్ల వాదన, పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా డాబా నుంచి డాబాకు.

"నువ్వు లెన్స్ మార్చేలోపు పక్షి ఎగిరిపోతుంది."

"పోనీ. మసకగ వచ్చిన పక్షిని నువ్వేం జేస్కుంటవ్?"

ఆ తగువు తేల్చుకుందామనే ఒకనాడు తాపీ నది వంతెన మీదికి పోయారు. సాహిత్య లెన్స్ విప్పిందో లేదో, వాన దబదబా కురిసింది. సంచి మూసేదా, కెమెరా కప్పేదా, చున్నీ సర్దేదా? సాయిచరణ్ మాత్రం దూరాన పడవను తీశాడు, చేతిలో లెన్స్‌ను ఒక్క తిప్పు తిప్పి పక్కనున్న పిల్లను తీశాడు. తడిసిన మాస్కు ఊపిరాడనివ్వక, ఆమె అప్పుడే దాన్ని కిందికి లాగి ఫక్కున నవ్వింది. ఆ ముఖాన్ని అతను అంత దగ్గరగా, నిండుగా చూడడం అదే మొదలు. వాన వెలిసినా కెమెరా దించడం మరిచిపోయాడు.

"సరే, ఒప్పుకుంటున్న. బయట తిరుగుడుకు నీదే గెలిచింది," అంది సాహిత్య జడ పిండుకుంటూ. "జర మా సాంచాల కాడ గెలువు చూద్దాం. బాపు కొత్త చీరలు దించిండు. ఫోటోలు నువ్వు తీయి."

"నిద్రలో కూడా తీస్తా."

తీశాడు. ఇరుకు షెడ్డు కదా, వీపు గోడకు ఆనించి, లెన్స్ పూర్తి వెడల్పుగా పెట్టి తీశాడు. నేరుగా రాజలింగం ఫోనుకే పంపాడు. తెల్లారి నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. రాజలింగాన్ని పిల్లనిమ్మని అడిగేద్దామనే! వస్తాడన్న సంగతి సాహిత్యకూ తెలుసు.

షెడ్డులోకి అడుగుపెడితే ఒక సాంచా చప్పుడు లేదు. దాని భాగాలన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. నడుమ రాజలింగం, చేతిలో పానా, చెంప మీద గ్రీజు. మూలన మంచం మీద ఆయన తల్లి నర్సవ్వ తల పట్టుకుని కూర్చుంది.

"రా బేటా, రా! నీ లెన్స్ పుణ్యాన బచాయించిన. చూడు, అంచెట్ల వంకరొచ్చిందో! నా కండ్లకు ఆనలే, నీ ఫోటోల పడ్డది. ఇంకో చీర దించేది ఉంది, కామ్‌రేజ్ నుంచి సేటు టెంపో పొద్దుగూకకముందే వస్తది. లాక్‌డౌన్ తర్వాత మొదటి పెద్ద ఆర్డర్. గిదే వంకర పోతే మళ్ల మా మొఖం చూస్తడా?"

సాయిచరణ్ ఫోను అందుకుని చూశాడు. అంచు విల్లులా వంగి ఉంది. లెన్స్ గాజు అసలు గుణం తేలాలని కెమెరాలో గీతలను సరిచేసే ఏర్పాటును ఆపేసింది తనే, మళ్లీ పెట్టడం మరిచిందీ తనే!

"అసలు హుషారున్న పోరడివి నువ్వు. ఏం గావాల్నో అడుగు," అన్నాడు రాజలింగం.

అడగడానికి అంతకన్నా మంచి గడియ ఏముంటుంది? ఊరుకుంటే మెప్పుకు మెప్పు, పిల్లకు పిల్ల. సాహిత్య ఫోటోను చూసింది, అతన్ని చూసింది. ఫోటోల పిల్ల కదా, తప్పెవరిదో ఆమెకు తెలియకుండా ఉంటుందా? అయినా ఏం చెబుతాడోనని చూస్తూ నిలబడింది.

"తప్పు సాంచాది కాదు, మామా," అన్నాడు సాయిచరణ్. "నాది. వెడల్పుగా పెడితే ఈ లెన్స్ చివర్లలో గీతల్ని వంచుతుంది. నడుమ వంచదు. దాన్ని సరిచేసే ఏర్పాటు నేనే ఆపేశాను. మీ అంచు తిన్నగానే ఉంది."

రాజలింగం ఒక దారం తీసి చీర అంచు పొడుగునా బిగించి చూశాడు. అంచు దారం వెంటే పోయింది, వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు.

"అరే, తెల్లారంగ పట్టిన పానా! నీ గాజు వంకరకు నా సాంచా విప్పిస్తివి గదరా!" అని గర్జించి, ఠక్కున ఆగాడు. "ఆగాగు. ఏమన్నవ్? నిన్నటిదాక కాకా అంటివి. ఇయ్యాల మామనెట్లయిన?"

నర్సవ్వకు నవ్వు ఆగలేదు. "గది గూడ సమజ్ కాలేదారా నీకు? పిల్లను చూడు, చున్నీ ఎట్ల నలుపుతున్నదో!"

"ముందు సాంచా బిగియ్యుర్రి. పంచాయితీ వెనుక," అన్నాడు రాజలింగం.

ఇస్త్రీ చొక్కాకు గ్రీజు పట్టింది. ఆయన అడిగిన నట్టల్లా సాయిచరణ్ అందించాడు, అందించిన ప్రతిసారీ ఒక తిట్టు తిన్నాడు. సాంచా తిరిగింది. చీరలు వేళకే టెంపో ఎక్కాయి. టెంపో మలుపు తిరిగాక అతను అక్కడే నిలబడి యూట్యూబ్ తీర్పు చెప్పేశాడు. "ఊళ్లు తిరగడానికి కళ్లు మూసుకుని కొనుక్కోండి. చీర అంచు తీయాలంటే మాత్రం దీన్ని నమ్మకండి. నేను నమ్మి తిట్లు తిన్నాను."

"మొత్తానికి నిజం చెప్పినవ్," అంది సాహిత్య మెల్లగా. "ఒకవేళ చెప్పకపోతే మా ఇంటి గడప దాటనియ్యకపోదును."

"చెప్పాను కదా. మరి?"

"మరేంది? నాకు ఇష్టమే. బాపును అడుగు."

ఇంతలో నర్సవ్వ కేకేసింది. సాంచాతో సహా ఇంటిల్లిపాదీ ఒక్క ఫోటోలో పడాలట. సాహిత్య లెన్స్‌లో సగం మందే పట్టారు. సాయిచరణ్ కెమెరాను స్టూలు మీద పెట్టి, టైమర్ నొక్కబోయి, ఎవరు ఎక్కడ నిలబడాలో తేలక ఆగాడు.

రాజలింగం గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "చివర్లకు నిలబడ్డోళ్లు వంకరొస్తరంటివి గదా?"

"అవును మామా."

"నడుమ రాదు?"

"రాదు."

"అయితే నేనూ మా అవ్వ చివర్లకు నిలబడతం. మీరిద్దరు నడుమకు రాండ్రి. జర దగ్గర దగ్గరగ నిలబడుండ్రి, సిగ్గెందుకు!"