కనపడటం లేదక్కా

"ఏజెంట్ ఫోను పోతే అది దొంగతనం కాదు, ఆపరేషన్," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా నాయకుడు మన లాకప్‌లో ఉన్నాడు. వాణ్ణి విడిపించుకోవడానికి వాళ్లకి నీ కూతురు కావాలి."

ఏజెంట్ కూతురి వాచీ ఆ ఫోనుకే కలిపి ఉంది. పిల్ల ఎటు కదిలినా తెరమీద ఆకుపచ్చ చుక్క కదులుతుంది. పిల్ల ఎక్కడ తప్పిపోతుందోనన్న భయంతో తనే పెట్టుకున్న ఏర్పాటు అది.

"ఆ ఫోన్ కంపెనీలో మన మనిషి ఉందిగా. అడుగు."

ఆ మనిషి ఏజెంట్ సొంత చెల్లెలు. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. పైకి కంపెనీ సెక్యూరిటీ మేనేజర్, లోపల డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్.

"స్విచ్చాఫ్‌లో ఉంది. మాకు కనపడటం లేదక్కా," అంది చెల్లెలు.

"పోనీ పనిచెయ్యకుండా లాక్ చేసెయ్యవే."

"రూల్స్ ఒప్పుకోవు. మేం ఫోన్లు తయారుచేస్తాం గానీ కాపలా కాయంగా."

"అమ్మేటప్పుడు నా వేలిముద్ర, నా మొహం అన్నీ పట్టుకున్నారు. పోయాక మాత్రం నేనెవరో తెలీదా?"

"నువ్వు ఊరికే కంగారుపడతావు. పిల్లని రోజూలాగే లైబ్రరీకి పంపు. ఏం కాదు."

ఏజెంట్ కంగారు తగ్గలేదు. పిల్లని చీఫ్ గదిలో కూర్చోబెట్టి, ఆ వాచీ తను పెట్టుకుంది. నెరిసిన విగ్గు, స్వీపర్ యూనిఫారంతో లైబ్రరీ పిల్లల విభాగంలో చివరి బీరువా వెనక నక్కింది. వాచీ పక్క బటన్ నొక్కితే టీమ్‌కి సిగ్నల్ వెళుతుంది. కిటికీ బయట ఇంజన్ ఆపని తెల్ల వ్యాన్. వచ్చేవాడి చేతిలో కత్తి ఉంటుందేమో, మత్తుమందేమో, బటన్ పనిచెయ్యకపోతేనో. అన్నీ ఊహించుకుంది.

హైహీల్స్ చప్పుడు బీరువా అవతల ఆగింది.

"బంగారూ, అమ్మ రమ్మంది. పద తల్లీ."

ఈ ఒక్కటీ ఊహించుకోలేదు.

పిల్లకి తను నూరిపోసిన నియమం ఒకటుంది. ఎవరొచ్చి పిలిచినా సరే, గుర్తుమాట చెబితేనే కదలాలి. ఆ మాట తల్లికి, పిల్లకి, పిన్నికి తప్ప ఎవరికీ తెలీదు. చెప్పకు, చెప్పకు అని లోలోపల దణ్ణం పెట్టుకుంది ఏజెంట్.

"నీలం గొడుగు," అంది పిన్ని, ముద్దుగా.

ఏజెంట్ లేచి నిలబడింది. చెల్లెలి చేతిలో తన ఫోను. కంపెనీవాళ్లు తప్ప ఎవరూ తీయలేని లాక్ తీసి ఉంది. తెరమీద ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.

"కనపడటం లేదన్నావుగా."

చెల్లెలు ఒకడుగు వెనక్కి వేసింది. "గంటసేపే అన్నారక్కా. పిల్లకేం కాదన్నారు."

"ఆ చేతుల్తోనేగా దానికి జడలు వేశావు."

వ్యాన్‌లోవాళ్లని హెచ్చరించడానికి చెల్లెలి బొటనవేలు ఫోనుమీదకి జారింది. అంతకు ముందే ఏజెంట్ బటన్ నొక్కేసింది. బయట వ్యాన్ కదలబోతుండగా చెత్తబండి ఒకటి అడ్డంగా వచ్చి ఆగింది. అందులోంచి టీమ్ దూకింది.

"చెయ్యి నొప్పెడుతోందక్కా," అంది బేడీలు పడ్డ చెల్లెలు. అలవాటుకొద్దీ బేడీ వదులు చెయ్యబోయి, ఏజెంట్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే ఫోను టింగుమంది. కంపెనీ మెసేజ్: "మీ ఫోను ఆచూకీ విషయంలో సాయపడలేకపోతున్నాం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

ఆ కబురు పంపింది, పోయిందన్న ఫోనుకే.