నలభై ఒకటో బిళ్ల

డర్హం బొగ్గు సీమలో మా గ్రేబెక్ గని వైపు చీకటి పడ్డాక ఎవరూ కుక్కను కూడా తిప్పరు. నేల లోపలి నుంచి ఎవరో కొడతారు... ఐదు దెబ్బలు. ఆగి, మళ్లీ ఐదు.

ముప్పై ఏళ్లు భూమి కింద బతికాను. ఏడాది సమ్మెలో ఆకలినీ చూశాను. దెయ్యాలంటే నాకు లెక్కలేదు. యజమానులు రాయించే అబద్ధాలంటేనే ఒళ్లు మండుతుంది.

నూట నలభై ఏళ్ల కింద ఆ గనిలో మంటలు లేచాయి. బొగ్గు కాలిపోతుందని, మంటకు గాలి అందకుండా యజమాని గని నోటికి గోడ కట్టించాడు — లోపల మనుషులుండగానే! పోయింది పద్దెనిమిది మందని రాయించాడు. జేకబ్ ట్వెడల్ అనేవాడు పని మానేసి పారిపోయాడన్నాడు. అతని భార్య హన్నాను కంపెనీ ఇంట్లోంచి గెంటించాడు.

దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను గని నోటి దగ్గరి పలక మీద కొక్కేనికి తగిలించాలి. పైకొచ్చాక తీసుకోవాలి. బిళ్ల ఉందంటే మనిషి లోపలున్నట్టే. హన్నా చచ్చేదాకా అరిచింది: "మంటలు లేచిన మొదటిరోజు నా కళ్లారా చూశాను, నలభై ఒకటి కొక్కేనికే ఉంది. తీసిందెవడు?"

పోయిన ఏడాది ఆ గోడకు కంత చేసి పాత గనిని తవ్వడం మొదలుపెట్టారు. ఆ పనికి పెద్ద, పిప్పా అనే పురావస్తు శాఖ అమ్మాయి. మా విల్ఫ్ కూడా చేరాడు. డెబ్బై రెండేళ్లవాడు, నాతోపాటు గనిలో చేసినవాడు. ఇది వాళ్లిద్దరూ నాకు చెప్పిందే.

"పెద్దాయనా, వెళ్లేటప్పుడు కాగితం మీద సంతకం మరిచిపోకు," అనేది పిప్పా.

"కాగితం మనిషిని కాపాడుతుందా, అమ్మాయ్? బిళ్ల కాపాడుతుంది!" అని తన పాత బిళ్లను, గోడ పక్కన ఇంకా నిలిచున్న ఆ పలక మీదే తగిలించేవాడు విల్ఫ్.

డిసెంబరులో ఒకరోజు విల్ఫ్ సంతకం పెట్టి ఇంటికి బయల్దేరాడు. అన్నం డబ్బా లోపల మరిచిపోయానని గుర్తొచ్చింది. మళ్లీ బిళ్ల తగిలించి దూరాడు. కాగితం జోలికి పోలేదు.

అతని వెనక గని కప్పు కూలింది.

పిప్పా కాగితం చూసింది. అందరూ వెళ్లిపోయినట్టే ఉంది. గేటుకు తాళం వేసింది. నాలుగున్నరకే చిమ్మచీకటి.

లోపల విల్ఫ్‌కు మోకాళ్లు చాపే చోటు లేదు. ఫోను పలకదు. దీపం సన్నగిల్లింది... ఆరిపోయింది. రాయి తీసుకుని కొట్టాడు. గనిలో మేం నేర్చుకున్న గుర్తే — చిక్కుకున్నవాడు కొట్టేది, విన్నవాడు తిరిగి కొట్టాల్సింది, ఐదు దెబ్బలు.

జవాబు వచ్చింది. ఐదు.

బయటి వైపు నుంచి కాదు. ఇంకా లోతు నుంచి... రాతి అవతల నుంచి.

"ఎవరు?" అన్నాడు. గాలి చాలడం లేదు. మళ్లీ ఐదు. ఈసారి దగ్గరగా, వీపు వెనకే.

అదే సమయానికి పిప్పా కారెక్కబోతోంది. గేటు దగ్గర శాలువా కప్పుకున్న ఒక ముసలావిడ నిలబడి ఉంది.

"తాళం తియ్యి తల్లీ," అంది గుసగుసగా. "మనిషి లోపలున్నాడు." పిప్పా చేతిలో చల్లగా ఏదో పెట్టింది.

బిళ్ల!

పిప్పా తాళం తీసి పరుగెత్తింది. పలక మీద విల్ఫ్ బిళ్ల వేలాడుతోంది. కేకలు పెట్టింది, అగ్నిమాపక దళాన్ని పిలిచింది. ఊళ్లో పాత గనివాళ్లమందరం చేరాం. తొమ్మిదింటికి విల్ఫ్‌ను బయటికి లాగాం, మొహం బూడిద రంగులో ఉంది.

"ఒరేయ్, నా సంగతి వదిలెయ్," అన్నాడు నాతో. "వాడింకా కొడుతున్నాడు."

తన బిళ్ల తీసుకుని జేబులో వేసుకున్నాడు. అప్పుడు పిప్పా గుప్పిలి తెరిచింది. ముసలావిడ ఇచ్చిన బిళ్ల. మట్టి తుడిచింది.

నలభై ఒకటి.

గేటు దగ్గర ఆవిడ లేదు. ఆవిడ నిలబడ్డ చోట మంచు మీద పిప్పా అడుగులే ఉన్నాయి.

పిప్పా వెళ్లి ఆ బిళ్లను నలభై ఒకటో కొక్కేనికి తగిలించింది.

లోపల ఐదు దెబ్బలు...

నేను పార తిప్పి, రాతి మీద ఐదు కొట్టాను.