తివాచీ వెనుక గోడ

స్తోయ్నా వంటింట్లో బానిత్సా రొట్టె పొరల మధ్య జున్ను చల్లుతుండగా గదిలోంచి తల్లి దగ్గు వినిపించింది. దాన్యూబ్ నది పొగమంచు రూసె పట్టణ వీధులను కమ్మే రోజుల్లో ముసలివాళ్లకు దగ్గు మామూలేనని స్తోయ్నా అందరికీ చెబుతూ వచ్చింది. తనను తాను మాత్రం నమ్మించుకోలేకపోయింది.

పై అంతస్తులో చెల్లెలు ఎవెలినా ఉంటుంది. కిందటి చలికాలంలో ఆమె గది గోడకు బూజు పట్టింది. ఆమె ముగ్గురు మేస్త్రీలను పిలిపించి, వాళ్లు అంతకుముందు పనిచేసిన ఇళ్లు చూసి వచ్చింది; రంగు వేస్తే చాలన్న ఇద్దరినీ పంపేసి, నెమ్ము ఎక్కడినుంచి వస్తోందో ముందు తేల్చాలన్నవాడికే పని అప్పగించింది. మేస్త్రీని వెతుకుతోందా, అల్లుణ్ణి వెతుకుతోందా అని స్తోయ్నా ఎగతాళి చేసింది. ఇప్పుడా గది పొడిగా మెరుస్తోంది. తల్లి నెదెల్యా మధ్యాహ్నం కునుకుకు అక్కడికే వెళుతోంది. పై కిటికీలోంచి ఆమె నవ్వు వినిపించినప్పుడల్లా స్తోయ్నా వంటింటి కిటికీ బిగించేది.

కింద తన ఇంట్లో తల్లి గది గోడ మీదా మచ్చలు లేచినప్పుడు, స్తోయ్నా ఏమీ విచారించకుండా దొరికిన మొదటి రంగులవాణ్ణి పిలిచింది. అతడు బూజు మీదే రంగు పూసి వెళ్లాడు. మచ్చలు మళ్లీ వచ్చాయి. అవి చూస్తే తల్లి మకాం పైకి మారుస్తుందన్న భయంతో వాటి మీద తివాచీ వేలాడదీసింది. ఆ ఊళ్లో మంచం పక్క గోడకు తివాచీ ఉండని ఇల్లేది? ఎవరికీ అనుమానం రాదు.

ఆ ఉదయం తల్లిని చూడటానికి దిగివచ్చిన ఎవెలినా దిండు సర్దుతూ తివాచీ అంచు ఎత్తింది. వెనుక గోడంతా నల్లగా ఉంది. ఆమె పిలుపుకు స్తోయ్నా వంటింట్లోంచి వచ్చింది.

"అక్కా, అమ్మ తల దగ్గర ఇది పెట్టుకుని నాకు చెప్పలేదేం?"

"చెబితే అమ్మను ఎత్తుకుపోతావు. నీకు కావలసింది అదేగా."

"అవును, కావాలి. చిన్నప్పుడు అమ్మ పక్కన చోటు నీదే, ఇప్పుడూ నీదే. నాకు దక్కింది ఈ కాస్త మధ్యాహ్నం. దానికీ కుళ్లుకుంటున్నావు."

మంచం మీది నుంచి నెదెల్యా నెమ్మదిగా అంది:

"ఆ వాసన నాకెప్పుడో తెలిసిందే, స్తోయ్నా. చెబితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను."

ఎవెలినా గొంతు తగ్గించి గదంతా చూపించింది. ఈదురుగాలి తల్లికి తగలకూడదని కిటికీ సందులన్నిటికీ అతికించిన టేపు, గాలి ఆడేందుకు గోడకున్న జాలీలో కుక్కిన పాత మేజోడు, గదిని వెచ్చబరిచే వేడినీళ్ల గొట్టాల మీద ఆరుతున్న తడి బట్టలు. ఆ తేమ పోవడానికి దారే లేదు. పైన తన గదిలోనూ ఇదే పొరపాటు జరిగిందని, బయట గోడ చలికి తేమంతా అక్కడే నీరవుతుందని మేస్త్రీ చెప్పాడంది.

అమ్మకు చెల్లెలి గది కన్నా ఈ గదే వెచ్చగా ఉండాలని స్తోయ్నా చేసిన పనులవి. స్తోయ్నా కిటికీ దగ్గరికి వెళ్లి, కళ్లు తుడుచుకోకుండానే టేపు ఊడదీయసాగింది.

"మీ మేస్త్రీని పిలువు" అంది వెనక్కి తిరగకుండా. "పని అయ్యేదాకా అమ్మ నీ దగ్గరే ఉంటుంది."

"బానిత్సా మాత్రం దీని చేతిదే కావాలి" అంది నెదెల్యా.

తల్లి దిండు స్తోయ్నాయే పైకి మోసుకెళ్లి దిగివచ్చింది. ఖాళీ గదిలోకి చల్లగాలి వీస్తోంది. కాసేపటికి పై కిటికీలోంచి తల్లి నవ్వు వినిపించింది. స్తోయ్నా కిటికీ రెక్కను ఇంకాస్త తెరిచింది.