ఆదివారం రీస్టార్ట్

"మీ మెయిల్ సర్వీసుకి అంత తొందరేంటండీ? నా డేటాబేస్ కళ్ళు తెరవకముందే వచ్చి తలుపు బాదుతుంది. ఎవరూ పలకలేదని అక్కడే పడి చస్తుంది!"

డేటాబేస్ చూసే అమ్మాయి నాతో అన్న మొదటి మాట అదే. నేను సర్వర్ చూసేవాణ్ణి. ప్రతి ఆదివారం పొద్దున మా ఆఫీసు సర్వర్ రీస్టార్ట్ చేస్తాం. తను వచ్చి, ముందు డేటాబేస్ లేచిందో లేదో చూసుకుని, ఆ తర్వాత మెయిల్ లాంటి మిగతా సర్వీసుల్ని ఒక్కొక్కటే చేత్తో లేపాలి.

నెలలు గడిచాక ఒక ఆదివారం అడిగింది: "ఇది దానంతటదే జరిగేలా చెయ్యలేరా, తొందరగారూ?"

"చూస్తున్నానండీ. ఇంకా కుదరట్లేదు."

అబద్ధం. డేటాబేస్ సిద్ధమయ్యాకే మిగతావి లేవాలని మార్చిలోనే ఒక ఫైల్లో కోడ్ రాసి ఉంచాను. నాలుగంటే నాలుగు లైన్లు. అవి సర్వర్లో పెడితే ఆదివారం తను రాదు. తడిసిన గొడుగు కుర్చీకి తగిలించి, నన్ను ఆటపట్టిస్తూ, కాఫీ సగం తాగి మరిచిపోయే మనిషి ఇక కనబడదు. అందుకే పెట్టలేదు.

ఆగస్టులో వాళ్ళ నాన్నగారు పోయారు. ఆయన అన్నాళ్ళుగా మంచంలో ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారమే ఆ లైన్లు పెట్టేశాను. సెలవు అయ్యాక తను వచ్చిన ఆదివారం, సర్వీసులన్నీ వరసగా వాటంతటవే లేచాయి. తను ఆశ్చర్యపోయి సర్వర్లో ఆ ఫైలు తెరిచింది. మొదట్లోనే తారీఖు ఉంది.

"మార్చిలో రాశారా?"

"అవునండీ."

"మరి నన్నెందుకు రప్పించారు?"

"రాసింది పెట్టేస్తే... మీరు రారని."

తను ఆ ఫైలు మూసేసింది.

"రోజూ పొద్దున ఒక్క గంటే నాన్న తెలివిలో ఉండి మాట్లాడేవారు. మిగతా రోజులు ఎలాగూ ఆఫీసుకి పరుగు. ఆదివారాలు మీరు తీసుకున్నారు."



తను కళ్ళు తుడుచుకుంది. "ఇంటికెళ్ళి ఆయన పక్కన కూర్చుని మీ కబుర్లే చెప్పేదాన్ని. కళ్ళు మూసుకునే నవ్వేవారు. అదొక్కటీ లేకపోతే ఇక మీ మొహం చూసేదాన్ని కాదు."

బ్యాగు భుజాన వేసుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగింది.

"సాయంత్రం మా ఇంటికి రండి. అమ్మకి చెప్పాలి."

"ఏం చెప్పను? చేసిన తప్పా, లేక..."

"రెండూ," అంది, నా వైపు తిరగకుండా. "ఆదివారం కూడా ఆఫీసేంటే అని అమ్మ ప్రతివారం ఏడ్చేది. ఆవిడకి జవాబు మీరే చెప్పండి."